వాగు కింద బొగ్గుబాయి



రఘునాథపల్లిలో బొగ్గు లేదు. వెయ్యి ఫీట్ల బోరు వేసినా తగలదు. మన కాళ్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. నీళ్లు ఆ రాయి పగుళ్లలో, దాని మీది మొరంలో కాసిన్ని నిలుస్తాయి. అందుకే ఇక్కడ బోరు వేయడమంటే జూదమాడినట్టే. ఈ ఊరికొచ్చి బొగ్గు గురించి మాట్లాడడమేమిటని సభ పెట్టినవాళ్లను ముందే అడిగాను. ఈ ఊరి బడిలో చదువు చెప్పిన సారు దగ్గర చదువుకున్నవాళ్లలో చాలామంది బొగ్గుబాయిల్లో చేరి బతికారు, రిటైరై తిరిగొచ్చారు, వాళ్లే ఈ సభకు చందాలు వేసుకున్నారు అన్నారు. ముందు వరుసలో కూర్చున్న వాళ్లను చూస్తే అర్థమవుతున్నది. నేను జియాలజీ చెప్పి బతికినవాణ్ణి. వాళ్లు నేల కింద పని చేసి వచ్చినవాళ్లు. ఎక్కడైనా తప్పు చెబితే సభ అయ్యాక పట్టుకోండి.

సారు గురించి ఒక్క మాట చెప్పి విషయంలోకి పోతాను. వానకాలంలో ఊరి చెరువులోకి కొత్తనీళ్లు వచ్చిన రోజు, మత్తడి దునికిన రోజు, ఎండకాలంలో చెరువు అడుగంటిన రోజు, ఈ మూడు తేదీలనూ ఆయన బడి రిజిస్టరు వెనక పేజీల్లో పిల్లలతో రాయించేవారట. తనిఖీకి వచ్చిన అధికారి ఇదేమిటని అడిగితే, చెరువు హాజరుపట్టీ అన్నారట. బొగ్గుబాయిలున్న భూపాలపల్లి నేల మీద పారే చిన్న వాగులకు, ఒర్రెలకు బాయిలు రాకముందు అలాంటి హాజరు రాసిపెట్టినవాళ్లు ఉంటే ఇవాళ నా పని సగం తేలికయ్యేది. పెద్ద నదుల మీద ప్రభుత్వం కొలతలు తీస్తుంది. ఎడ్లబండి దాటిపోయే వాగును ఎవరు కొలుస్తారు?

ఓపెన్‌కాస్ట్ గని, అంటే నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే గని, వచ్చిన ఊరికి ఏమవుతుందో చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు. ఊరు లేచిపోతుంది, వాగును పక్కకు తిప్పుతారు, మట్టికుప్పలు గుట్టలవుతాయి. అది కంటికి కనపడుతుంది కాబట్టి ఫోటో తీయవచ్చు, ధర్నా చేయవచ్చు, కోర్టుకు పోవచ్చు. భూగర్భ గని తీరు వేరు. పైన పత్తి చేను పత్తి చేనులాగే ఉంటుంది, వాగు వాగులాగే కనపడుతుంది. దాంతో దానికి మంచి పేరు వచ్చింది. ఓపెన్‌కాస్టులు వద్దు, భూగర్భ గనులే కావాలని కార్మిక సంఘాలూ ఊళ్లూ ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. నేనూ అటువైపువాణ్ణే. ఊరు మిగులుతుంది, నౌకర్లు ఎక్కువ వస్తాయి. కానీ ఆ గని వాగుకు కింది నుంచి ఏం చేస్తుందో తెలుసుకుని ఆ మాట అనాలి. దాని నష్టం మెల్లగా, గనికి దూరంగా, చాలాసార్లు గని మూసిన తర్వాత బయటపడుతుంది. మన నిబంధనలు, డిపాజిట్లు, కొలతలు మాత్రం ఎక్కువగా గని నడిచే రోజులను, కంటికి కనపడే నష్టాన్ని చూసుకుని రాసినవి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే.

సింగరేణి చరిత్ర మీకు తెలిసిందే, రెండు ముక్కల్లో దాటేస్తాను. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు దక్కాయి. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని అన్నీ అయిన తర్వాత ఆలస్యంగా వంతు వచ్చింది భూపాలపల్లికి. అక్కడి బాయిలకు కాకతీయ ఖని అని పేరు పెట్టారు. కేటీకే అని మీరు పిలిచేది దాన్నే. చెరువులు కట్టించి పేరు తెచ్చుకున్న రాజుల పేరును నేలలోని నీళ్లు తోడి పారబోసే పనికి తగిలించడం ఎవరూ కావాలని చేసి ఉండరు. గణపురంలో కాకతీయుల నాటి గణపసముద్రం ఇంకా నిండుతూనే ఉన్నది, ఆ బాయిలకు ఎంతో దూరం కాదు.

వరంగల్ దాటి, పరకాల దాటి భూపాలపల్లి వైపు పోతుంటే ఎక్కడో ఒకచోట గ్రానైటు గుట్టలు ఆగిపోతాయి. అక్కడి నుంచి ఇసుకరాయి నేల. 25 కోట్ల ఏళ్లకు పైబడిన నదులు తెచ్చిపోసిన ఇసుక గట్టిపడి అయిన రాయి అది. ఆ ఇసుక కింద పూడుకుపోయిన అడవులే బొగ్గు పొరలు. జియాలజీలో వీటిని గోండ్వానా రాళ్లు అంటాం. బొగ్గు ఉన్న భాగాన్ని బరాకర్ అనీ, దాని మీద మందంగా పరుచుకున్న ఇసుకరాయిని కామ్ఠీ అనీ పిలుస్తాం. ఈ ఇసుకరాయి ముఖ్యమైన గుణం నీళ్లను తాగడం, మెల్లగా వదలడం. మన గ్రానైటు వాగు వాన ఆగిన కొన్నాళ్లకే చప్పబడిపోతుంది. అక్కడి వాగు దీపావళి దాటి, సంక్రాంతి దాటి కూడా సన్నగా పారుతుంది. పైన నీళ్లు కనపడకపోయినా ఇసుకలో చెలిమె తీస్తే చేతికందుతాయి. వరద నీళ్లు దాటిపోయేవి, వాగుకు వాటితో పెద్ద చుట్టరికం లేదు. వానలు ఆగిన తర్వాత ఒడ్ల నుంచి ఊరివచ్చే నీళ్లే వాగుకు ప్రాణం. బాయి దెబ్బ మొదట తగిలేది ఈ ఊట నీళ్లకే.

ఎట్లా తగులుతుందో కొంచెం వివరంగా చెబుతాను. రిటైరైన అన్నలకు ఇది పాత పాఠమే. కానీ ఇక్కడ బాయి చూడనివాళ్లూ ఉన్నారు.

బాయి రెండు దశల్లో నడుస్తుంది. మొదట డెవలప్‌మెంట్. వాలుగా దిగే డిప్పులు, అడ్డంగా పోయే లెవల్స్ అనే సొరంగాలు తోలుకుంటూ పోతారు. పాత నిబంధనల ప్రకారం ఈ సొరంగం, అంటే గ్యాలరీ, వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదు. మధ్యలో బొగ్గు పిల్లర్లు వదులుతారు. ఈ దశలో బొగ్గులో ఎక్కువ భాగం పిల్లర్ల రూపంలో అక్కడే ఉంటుంది కాబట్టి పైన నేల కదలదు. నీళ్లు మాత్రం కదులుతాయి. చుట్టూ ఇసుకరాయిలో ఉన్న నీళ్లకు దిగే చోటు దొరికింది కదా, పైకప్పు నుంచి, పక్కల నుంచి కారుతాయి. సంపుల్లోకి చేర్చి పంపులతో పైకి తోడతారు. చాలా బాయిల్లో తీసిన బొగ్గు కంటే తోడిన నీళ్ల బరువే ఎక్కువ. ఆ నీళ్లు వచ్చిందెక్కడి నుంచి? కొన్నేళ్ల కిందటి వానల నుంచి. సంక్రాంతికి వాగులోకి ఊరవలసిన వాటా నుంచి. పైన మోటబావిలో మట్టం దిగుతుంది, ఆ తర్వాత బోరు ఇంకా లోతుకు పోతుంది, వాగు ఒక నెల ముందే ఆగిపోతుంది. రైతు వానలు తగ్గాయి అనుకుంటాడు. కొన్నేళ్లు నిజంగానే వానలు తగ్గుతాయి కూడా. ఇందులో బాయి పాలు ఎంత, కరువు పాలు ఎంత అని విడదీయడానికి వెనకటి కొలత కావాలి. అది ఉండదు.

రెండో దశ డిపిల్లరింగ్. వదిలిన పిల్లర్లను వెనక్కి వస్తూ తీసేస్తారు. పైకప్పు కూలుతుంది. ఆ కూలిన ఖాళీ గోఫ్. గోఫ్ మీది రాయి వంగి, విరిగి, కదలిక పైపైకి పాకి చివరికి నేల దాకా వస్తుంది. ఖాళీని నింపకుండా వదిలితే, తీసిన ఎత్తులో సగానికి దరిదాపుగా కూడా నేల దిగవచ్చు. ఇసుకతో నింపితే పదో వంతు లోపే ఆగుతుంది. నింపకుండా మూడు మీటర్ల పొర తీస్తే పైన మీటరుకు పైగా దిగుడు అంటే చేను చూసినవాడికి పెద్దగా తెలియదు. వాగుకు మాత్రం బాగా తెలుస్తుంది. నులక మంచం మీద మనిషి కూర్చుంటే నడుమ కుంగుతుంది, అంచుల దగ్గర నులక బిగుసుకుంటుంది. నేల కూడా అంతే. కుంగిన పళ్లెం అంచుల్లో రాయి సాగి పగులుతుంది, నడుమ ఒత్తుకుని పొరలు లేస్తాయి.

ఇప్పుడు ఆ పళ్లెం మీదుగా వాగు పోతున్నదనుకోండి. మొదటి అంచులో పగుళ్లు, అక్కడ కొంత నీరు కిందికి దిగుతుంది. నడుమ నీళ్లు మడుగు కడతాయి. ఎన్నడూ బురద లేని చోట బురద, రెల్లు. అవతలి అంచు దగ్గర వాగు వాలు తగ్గుతుంది, ఒక్కోచోట ఎదురు తిరుగుతుంది. వరద వస్తే గట్టు దాటి చేలల్లో పడుతుంది. భూపాలపల్లి వైపు నేల చాలావరకు చదును కాబట్టి మీటరు తేడా చిన్నదేమీ కాదు. పైగా బాయి లోతు తక్కువైతే ఇంకో ప్రమాదం. తీసిన ఎత్తుకు ముప్పై రెట్లు, ఒక్కోచోట అంతకు మించి, పైన రాయి పగిలి నీటికి దారి ఇవ్వగలదని పాఠ్యపుస్తకాల లెక్క. మూడు మీటర్లు తీస్తే తొంభై మీటర్లు. అంతకంటే తక్కువ లోతులో పని నడిస్తే వాగుకూ గోఫ్‌కూ మధ్య దారి పడవచ్చు. మధ్యలో మెత్తని బంకరాయి పొరలుంటే పగుళ్లు మళ్లీ పూడుకుంటాయి. ఉత్త ఇసుకరాయి అయితే పూడుకోవు.

ఆస్ట్రేలియాలో సిడ్నీకి దక్షిణాన వారాటా అనే సెలయేరు ఉన్నది. దాని పడకా ఇసుకరాయే. కింద కొన్ని వందల మీటర్ల లోతున, పిల్లర్లు వదలకుండా పొరను తీసే లాంగ్‌వాల్ గని నడిచింది. 2000 తర్వాతి దశాబ్దంలో సెలయేటి పడక బీటలు వారి, మడుగులు ఎండిపోయాయి. నీళ్లు పగుళ్లలో దిగి, రాయి కింద నడిచి, దిగువన ఇనుము తుప్పు రంగుతో బయటికొచ్చాయి. ఆ సెలయేరు సిడ్నీకి తాగునీరు ఇచ్చే పరీవాహకంలోది కావడంతో గొడవయింది, విచారణ జరిగింది, పగుళ్లలోకి రసాయన జిగురు ఎక్కించి అతికే ప్రయత్నం చేశారు. నగరం తాగే నీళ్లు కాబట్టి అంత పట్టింపు. మన ఒర్రె నీళ్లు తాగేవి బర్లు, గొర్లు.

ఇసుక సంగతికి వస్తాను. నాకు ఇందులో ఎక్కువ బాధ కలిగించే భాగం ఇదే. స్టోయింగ్ మంచి పద్ధతి. ఇసుకనూ నీళ్లనూ కలిపి పైపుల్లో పంపి ఖాళీని నింపుతారు, నేల దిగదు, పైన ఊళ్లూ వాగులూ నిలుస్తాయి. కానీ ఆ ఇసుక ఎక్కడిది? దశాబ్దాల పాటు గోదావరిది, మానేరుది, దగ్గరి వాగులది. ఒక టన్ను బొగ్గు తీసిన చోటును నింపడానికి టన్నుకు పైగా ఇసుక పడుతుంది. వాగులో ఇసుక ఉత్త ఇసుక కాదని మీకు చెప్పనక్కర్లేదు. నీళ్లను ఎండకు దాచేది అదే, చెలిమె ఊరేది అందులోనే, పక్క బావులకు నీళ్లిచ్చేదీ అదే. అంటే ఒక వాగు కుంగకుండా కాపాడడానికి ఇంకో వాగును బోసి చేశారు. ఈమధ్య ఓపెన్‌కాస్ట్ మట్టికుప్పలను కడిగి ఇసుక తీసే ప్లాంట్లు సింగరేణి పెట్టింది. పవర్ హౌజ్ అడుగు బూడిదతో నింపడమూ ఉన్నది. రెండూ మంచివే. ముప్పై ఏళ్ల ముందు రావలసినవి.

తోడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? దగ్గరి ఒర్రెలోకి, చెరువులోకి, కాలనీ ట్యాంకులోకి. కంపెనీ ఈ నీళ్లను చెరువులకు, పంటలకు ఇస్తున్నామని గొప్పగా చెప్పుకుంటుంది. అబద్ధం కాదు. కోల్‌బెల్ట్‌లో మే నెలలో కూడా పారే ఒర్రెలున్నాయి. వాటి మీద ఆధారపడి వరి వేసినవాళ్లున్నారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆ ఒర్రెను చూస్తే ఈ ఏరియాలో నీళ్లకు కొదవ లేదు అనుకుంటాడు. అది ఒర్రె సొంత నీరు కాదు. పంపు ఆగిన రోజు ఒర్రె ఆగుతుంది, ఆ రోజున రైతుకు నష్టపరిహారం రాసే అధికారి ఎవరూ ఉండరు.

నాణ్యత విషయంలో మనకు ఒక అదృష్టం ఉన్నది. గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయ బొగ్గులో ఎక్కువ. అక్కడ ఎలుక బొరియల గనుల నుంచి కారిన నీళ్లు ఆమ్లమై లూఖా నదిని చలికాలంలో నీలం రంగుకు మార్చాయి, చేపలు చచ్చాయి. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ తవ్వకాన్ని ఆపమన్నది. మన బాయి నీళ్లు అంత దారుణం కావు. వాటిలో ఉప్పులు ఎక్కువ, బొగ్గు ధూళి కలుస్తుంది. నిలవబెట్టి తేర్చి వదిలితే వాగు తట్టుకుంటుంది. తేర్చే కుంటలు పూడిపోయి, పూడిక తీయకుండా వదిలేస్తే వాగు అడుగున నల్లని పొర పడి ఊటలు మూసుకుపోతాయి. ఇదంతా పారతో పరిష్కారమయ్యే సమస్య.

ఇప్పటిదాకా బాయి వాగుకు ఏం చేస్తుందో చెప్పాను. వాగు బాయికి చేసేదీ ఉన్నది. మన చట్టాలు దాని గురించే ఎక్కువ భయపడ్డాయి. 1957 బొగ్గు గనుల నిబంధనల్లో, నదికి, కాలువకు, చెరువుకు నేరుగా కింద కానీ వాటి ఒడ్డు నుంచి 15 మీటర్ల లోపు కానీ ముందస్తు అనుమతి లేకుండా పని చేయకూడదని ఉండేది. బాయి మోరీ, అంటే లోపలికి దిగే ద్వారం, అత్యధిక వరద మట్టానికి కనీసం 1.5 మీటర్ల పైన ఉండాలి. నీళ్లు నిలిచిన పాత పని దగ్గరికి 60 మీటర్లలోపు అనుమతి లేకుండా పోకూడదు. ఈ వాక్యాల్లో ఒక్కొక్కదాని వెనక శవాలున్నాయి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో నీళ్లు దూసుకొచ్చి 375 మంది పోయారు. 1995 సెప్టెంబర్‌లో అదే జిల్లాలో గజ్లీటాండ్ గనిలోకి కత్రీ నది గట్టు తెంచుకుని దిగింది. 64 మంది. మన దగ్గర 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 17 మంది. నదీ వాగూ కాదు, నీళ్లు నిలిచిన పాత పని ప్రదేశం నుంచి వచ్చిన నీళ్లు అవి. ఈ హాల్లో ఆ రోజు అదే ఏరియాలో డ్యూటీలో ఉన్నవాళ్లు ఉండవచ్చు. వాళ్ల ముందు ఇంతకు మించి చెప్పను.

గమనించవలసింది ఏమిటంటే, ఆ నిబంధనలన్నీ వాగు నుంచి బాయిని కాపాడడానికి రాసినవి. బాయి నుంచి వాగును కాపాడాలన్న ఆలోచన ఆ పుస్తకంలో దాదాపు లేదు. 15 మీటర్లు అనేది మనిషి ప్రాణానికి కట్టిన గట్టు. వాగు ఊట నీళ్లు పదిహేను మీటర్ల దగ్గర ఆగవు, కిలోమీటర్ల దూరం నుంచి వస్తాయి. పర్యావరణ అనుమతి అన్న మాట 1994 నోటిఫికేషన్‌తో, ఆ తర్వాత 2006 నోటిఫికేషన్‌తో వచ్చింది. అప్పటికి సింగరేణి పని మొదలై వందేళ్లు దాటింది.

ఇక్కడ భూపాలపల్లి దగ్గరి మోరంచవాగు గురించి చెప్పకుండా పోలేను. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచపల్లి మునిగింది. జనం కప్పులెక్కారు, హెలికాప్టర్లు వచ్చాయి, మనుషులు కొట్టుకుపోయారు. ఆ ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకు ముందటి రికార్డు 2013లో వాజేడులో పడిన 517.5. ఆ వరదకు బాయిలే కారణమని కొందరు మిత్రులు రాశారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. అంత వాన ఏ వాగు మీద పడినా ఊరు మునుగుతుంది. ప్రతి పాపాన్నీ సింగరేణి నెత్తిన వేస్తే, నిజంగా దాని ఖాతాలో రాయవలసినవి కూడా ఎవరూ నమ్మరు.

కానీ ఆ వరద ఇంకో పని చేసింది. అత్యధిక వరద మట్టం అనే అంకెను మార్చేసింది. బాయి మోరీ ఎత్తు, సంపుల సామర్థ్యం, వాగు గట్టు, అన్నీ ఆ అంకె మీద కట్టినవి. ఒక ప్రాజెక్టు రిపోర్టులో ఎప్పుడో రాసిన వరద మట్టం 2023 తర్వాత పాతబడిపోయింది. కుంగిన నేల మీద అయితే అది రెండు విధాల తప్పు. నీళ్లు ముందటి కంటే పైకి వచ్చాయి, నేల ముందటి కంటే కిందికి పోయింది. మానేరు, గోదావరి పక్కన ఉన్న ప్రతి ఏరియాలో ఈ అంకెను మళ్లీ రాసి, మోరీల ఎత్తు మళ్లీ సరిచూడాలి. ఇది వాగు కోసం కూడా కాదు, మొదటి షిఫ్టుకు దిగేవాళ్ల కోసం.

ఇక బాయి మూసిన తర్వాతి కథ. పంపులు ఆగుతాయి. గోఫులు, గ్యాలరీలు నిండుకుంటూ వస్తాయి. ఏళ్లు పడుతుంది. మట్టం పైకొచ్చి, ఎక్కడ నేల తక్కువగా ఉన్నదో, ఎక్కడ పాత బోరు మూయకుండా వదిలారో, అక్కడ నీళ్లు బయటికొస్తాయి. అది ఏదో ఒక వాగు ఒడ్డే అవుతుంది, ఎందుకంటే పల్లం అక్కడే. వాగులోకి మళ్లీ ఊట వచ్చినందుకు సంతోషించాలా, ఆ నీళ్లలో ఏం కలిసివచ్చిందో చూసి భయపడాలా? కొలిస్తే కానీ చెప్పలేం. బ్రిటన్‌లో 1994లో పెట్టిన కోల్ అథారిటీ అనే సంస్థ చేసే పనుల్లో ఈ నీళ్లను పట్టుకుని శుద్ధి చేయడం ఒకటి. బొగ్గు గనులు దాదాపు అన్నీ మూతబడ్డాయి, ఆ సంస్థ మాత్రం పేరు మార్చుకుని ఇంకా పని చేస్తున్నది.

జర్మనీలో రూర్ బొగ్గు ప్రాంతం దీనికంటే పెద్ద పాఠం. అక్కడ నేల ఒక్కోచోట ఇరవై మీటర్ల దాకా కుంగింది. ఆ ప్రాంతం మధ్య నుంచి ఎమ్‌షర్ అనే చిన్న నది రైన్‌లో కలుస్తుంది. ఊళ్లు పెరిగాయి, మురుగు పెరిగింది. కుంగే నేలలో భూగర్భ మురుగుకాలువలు వేస్తే విరిగిపోతాయి కనుక, నదినే సిమెంటు కాలువగా మార్చి మురుగు అందులో పారించారు. వందేళ్లు ఎమ్‌షర్ నది కాదు, తెరిచిన డ్రైనేజీ. గనులు ఉత్తరానికి జరిగి నేల కదలడం ఆగిన తర్వాత, 1992 నుంచి భూమిలోపల కాలువ వేయడం మొదలుపెట్టి, 2021 నాటికి మురుగును నది నుంచి తప్పించారు. అయిన ఖర్చు 500 కోట్ల యూరోల పైమాట. చివరి గని ప్రాస్పర్ హానియెల్ 2018 డిసెంబర్‌లో మూతపడింది. అయినా పంపులు నడుస్తూనే ఉన్నాయి. తోడకపోతే కుంగిన పట్టణాలు మునుగుతాయి. ఇది ఎన్నేళ్లు అని అడిగితే వాళ్లు ఎల్లకాలం అంటారు. ఆ ఖర్చు భరించడానికి 2007లోనే ఒక ఫౌండేషన్ పెట్టి, గనుల కంపెనీ ఆస్తులను దానికి రాసిచ్చారు. గని మూయకముందే!

మన దగ్గర? 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ గనుల మూసివేతకు మార్గదర్శకాలు తెచ్చింది. కంపెనీలు ఎస్క్రో ఖాతాలో డబ్బు వేయాలి. మంచి పని, ఒప్పుకోవాలి. అప్పుడు పెట్టిన రేటు ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి 1 లక్ష. తర్వాత ధరలతో పాటు పెరుగుతుంది, అది వేరే సంగతి. ఈ ఆరుకూ ఒకటికీ ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చింది? పైన చెడిపోయిన భూమిని చూసి వేసిన లెక్క. గుంత పెద్దది కాబట్టి ఆరు, చేను చేనులాగే ఉన్నది కాబట్టి ఒకటి. కింద నిండే నీళ్లు, మారిన వాగు వాలు, ఆగిన ఊట ఆ లెక్కలోకి అంతగా ఎక్కలేదు. ఉత్త కంటితో చూసి వేసిన అంచనా ఇది. ఓపెన్‌కాస్ట్‌ను తిట్టే మనం భూగర్భ గనిని వదిలేసినట్టే మంత్రిత్వ శాఖా వదిలేసింది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం చేసిన ఒక పని నాకు నచ్చింది. అక్కడ 1994లో తెచ్చిన చట్టం ప్రకారం, భూగర్భ బొగ్గు తవ్వకం వల్ల ఇళ్లకు, నీటి వనరులకు ఏం జరిగిందో అయిదేళ్లకోసారి ప్రభుత్వం నివేదిక ప్రచురించాలి. ఏ సెలయేరు కింద పని నడిచింది, దాని నీరు తగ్గిందా, మళ్లీ వచ్చిందా అన్నీ రాయాలి. ఆ చట్టంతో అక్కడి వాగులన్నీ బాగుపడ్డాయని కాదు. పాడైన వాటి పేర్లు పుస్తకంలోకి ఎక్కాయి, పాడవలేదని ఎవరూ వాదించే వీలు లేకుండా పోయింది. మన దగ్గర డిపిల్లరింగ్ అనుమతి ఇచ్చేటప్పుడు పైన గుర్తురాళ్లు పాతి దిగుడు కొలవాలని షరతు పెడతారు. ఆ సర్వే జరుగుతుంది కూడా. నేను అడిగేది అందులో ఇంకొంచెం. పిల్లర్లు తీసే ప్యానెల్ (గనిలో ఒక విభాగం) మీద వాగు ఉంటే, ఆ వాగు పడక లెవల్స్ పని మొదలుకాకముందే తీయాలి. వాగు ఊట మీద పారే రోజుల్లో, అంటే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, నీటి పారుదల కొలవాలి. వానకాలం కొలతలు ఈ పనికి పనికిరావు. బాయి మూసిన తర్వాత కూడా కొలత ఆగకూడదు. ఆ కాగితం గని ఆఫీసులోనే ఉండిపోకుండా పంచాయతీకి రావాలి.

సభ మొదలుకాకముందు ఒక తమ్ముడు అడిగాడు: అయితే భూగర్భ గనులు కూడా వద్దంటారా అని. అనను. ఇవాళ సింగరేణి బొగ్గులో చాలా పెద్ద భాగం ఓపెన్‌కాస్టులదే. అందులో కొంతైనా భూగర్భం నుంచి రావడం ఊళ్లకు మేలు. లోతు ఉన్నచోట, పైన వాగు ఉంటే ఇసుక నింపి, ఇసుక వాగుది కాకుండా చూసి, వాగు కింద పిల్లర్లు తీయకుండా వదిలి, బాయి నడపవచ్చు. ఆ వదిలిన పిల్లర్లు కంపెనీకి నష్టమే. వాగు కోసం కొంత బొగ్గు భూమిలోనే ఉండిపోవడంలో నాకైతే తప్పు కనపడదు.

భూపాలపల్లి వైపు చుట్టాలున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక పని చెబుతాను. కొత్త గనికైనా, ఉన్నదాన్ని పెంచడానికైనా సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది, ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రిపోర్టు సారాంశం తెలుగులో ఇవ్వాలి. ఇప్పటిదాకా ఆ సభల్లో మాట్లాడినవన్నీ నౌకర్ల గురించీ పరిహారం గురించే. అవీ అడగండి. దాంతోపాటు భూమి దిగుడు అంచనా పటం అడగండి. మీ వాగు ఏ ప్యానెల్ మీదుగా పోతున్నదో, అక్కడ నేల ఎన్ని సెంటీమీటర్లు దిగుతుందని రాశారో చూసి, ఆ అంకెనూ పటం తేదీనీ పంచాయతీ మినిట్స్ పుస్తకంలో ఎక్కించి సర్పంచ్ సంతకం పెట్టించండి. పదేళ్ల తర్వాత ఎవరైనా లెవల్ మిషన్ పట్టుకుని వాగులో దిగితే సరిపోల్చుకోవడానికి వాళ్ల చేతిలో ఒక కాగితం ఉండాలి.